ఇంక్‌జెట్ ప్రతులందు నలుపు నిలుకడ

తాళపత్రగ్రంథములను, శిలాశాసనముల యచ్చుప్రతులను, శిథిలమైన పాత కాగితపుఁ బ్రతులను ఛాయాచిత్రములుగాఁ దీసి, ఇంక్‌జెట్ యంత్రముచేఁ గాగితముపై ముద్రించి దాఁచుకొనుట నేఁడు గ్రంథాలయములందును, పాఠశాలలందును, పండితుల యిండ్లయందును సామాన్యమైన పని యైనది. తాటియాకుల కట్టను విప్పినప్పుడెల్ల నంచులు విఱుగును. ముద్రితప్రతి యున్నచో దానిని మాటిమాటికి విప్పవలసిన యగత్యము లేదు. పాఠనిర్ణయము చేయువారు ప్రతిని ముందుంచుకొని చదివి, సందేహము గలిగినచోటనే మూలమును జూతురు. పద్ధతి మేలైనదియే. కాని యిందొక చిక్కు కలదు. మూలము రెండు మూఁడు నూఱేండ్లు నిలిచియుండఁగా, దాని ప్రతి పదియేండ్లైనను నిలువక వెలిసిపోవుట కలదు. మూలము పురుగులపాలై, ప్రతి వెలుతురుపాలైనచో మిగులునది యేమి?

ఛాయాచిత్రము కంప్యూటరునందు అంకెలరూపమున భద్రముగా నుండఁగాఁ గాగితపుఁ బ్రతితోఁ బని యేమి యని పూర్వపక్షము చేయవచ్చును. ఆ యంకెలను జదువుటకు యంత్రము, యంత్రమునకుఁ దగిన సాధనములు, విద్యుత్తు కావలయును. కొన్నియేండ్ల కొకమాఱు వానిని గ్రొత్త నిలువలోనికి మార్చుచుండవలయును. కాగితమునకుఁ గన్ను చాలును. కావున రెండును ఉండవలసినవే.

మఱియొక విషయము. పాఠనిర్ణయమునకు నలుపు తెలుపులు మాత్రమే చాలవు. నడుమనున్న బూడిదవన్నెలు గూడఁ గావలయును. పురుగు తొలిచిన రంధ్రమునకును సున్నకును భేదము తెలియుట, గంటపు గీటునుండి యాకు ఈనె వేఱుపడుట, లేఖకుఁడు గీకివేసిన యక్షరపు నీడ కనఁబడుట యీ బూడిదవన్నెలవలననే కలుగుచున్నది. చిత్రము చెడునపుడు ముందుగాఁ బోవునవియు నివియే. చిక్కని నలుపునందు రంగుపదార్థము మెండు. పలుచని బూడిదయందుఁ గొంచెము. కొంచెముగా నున్నచోటఁ గొంత తఱిగినను లోటు వెంటనే తెలియును. కావున నలుపు నిలుకడ యను ప్రశ్న కేవలము చిత్రకారులది కాదు, పాఠపరిష్కర్తలది కూడ.

మసి గుణము

తాటియాకుపై వ్రాఁత కాధారములు రెండు. గంటముచే నాకును గీఱుట యొకటి. ఆ గీఱునందు దీపపు మసిని నూనెతోనో యాకుపసరుతోనో కలిపి రుద్దుట రెండవది. మసి తుడిచికొనిపోయినను గీఱు మిగులును; మరల మసి రుద్దినచో నక్షరము మరలఁ గనఁబడును. ఇంక్‌జెట్ ప్రతియందు గీఱు లేదు. కాగితముపైఁ బడిన సిరాబిందువే యక్షరము. ఆ బిందువు రంగు పోయినచో నక్షరమే పోయినట్లు. కావున సిరా యే పదార్థముతోఁ జేయఁబడినదను విచారము తాటియాకు విషయమునకంటె నిచట నెక్కువ ముఖ్యము.

దీపపు మసి శాస్త్రజ్ఞులు కార్బన్ అని పిలుచు పదార్థము. సామాన్యమైన వేఁడిమియందు వెలుతురుగాని, గాలిగాని, నీరుగాని దీనిని మార్పఁజాలవు. చీనావారి సిరాకడ్డి, మన కాటుకసిరా, శాసనముల యచ్చులెత్తునపుడు కాగితముపై నద్దు మసిసిరా యన్నియు నీ జాతిలోనివే. పాశ్చాత్యలేఖకులు మాచికాయల కషాయమున అన్నభేది కలిపి చేసికొనిన సిరా యిట్టిది కాదు. అది కాలక్రమమున గోధుమవన్నెకుఁ దిరుగుటయే కాక, తన యామ్లగుణముచేఁ గాగితమును గూడఁ దినివేయును. ఛాయాచిత్రములందును ఫ్రాన్సుదేశమున 1855లోఁ బోయితెవాఁ కనిపెట్టఁగా, ఇంగ్లండున 1864లో జోసెఫ్ స్వాన్ సుకరము చేసిన కార్బన్ ముద్రణము తన నిలుకడకుఁ బ్రసిద్ధి కెక్కినది. ఇంక్‌జెట్ సిరా నెన్నుకొనువారు మొదట నడుగవలసినది యిదియే: ఈ నలుపునందు మసి యున్నదా, లేదా?

కరఁగు రంగు, పొడిరంగు

ఇంక్‌జెట్ యంత్రము మిక్కిలి సన్నని రంధ్రములనుండి సిరాను బిందువులుగాఁ జిమ్మును. ఈ సిరాలు రెండు జాతులు. మొదటిది డై యనఁబడు కరఁగు రంగు. చక్కెర నీటఁ గరఁగినట్లు దీని యణువులు విడివిడిగా నీటఁ గలసియుండును. రెండవది పిగ్మెంటు అనఁబడు పొడిరంగు. బురదనీట మన్ను తేలునట్లు దీని రేణువులు నీటఁ దేలుచుండును. ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో నించుమించు పదివేలవ పాలు. అంత చిన్నదైనను దానియందు లక్షలకొలఁది యణువులు గుమిగూడియుండును. వెలుతురో గాలియో పైనున్న యణువులను జెఱచినను లోపలివి మిగులును. కరఁగు రంగునందు ప్రతి యణువును ఒంటరిగా శత్రువు నెదుర్కొనవలయును. రెంటి నిలుకడయందలి భేదమునకు నిదియే ప్రధానకారణము. పొడిరంగు నల్లసిరాలయందుఁ బ్రధానద్రవ్యము మసియే యగుటచే, నలుపు విషయమున నీ భేద మింకను హెచ్చు.

దాఁచవలసిన ప్రతికిఁ బొడిరంగు సిరానే వాడవలయును అనునది ఉత్సర్గము. దీని కపవాదములు కొన్ని కలవు. అవి తెలియక మోసపోవువారు పెక్కురు.

ఇండ్లయందును గార్యాలయములందును వాడుకలోనున్న పలు యంత్రములలో నల్లసిరా మాత్రమే పొడిరంగు. నీలము, ఎఱుపు, పసుపు అను తక్కిన మూఁడును గరఁగు రంగులు. సాదాకాగితముపై నక్షరములు ముద్రించునపుడు యంత్రము పొడినలుపును వాడును. ఫోటోకాగితము పెట్టితిమని తెలుపఁగానే యిట్టి యంత్రములు చాలవఱకుఁ బొడినలుపును విడిచి, కరఁగు రంగులనే కలిపి నలుపును బూడిదను గల్పించును. ఆ పొడినలుపు మెఱుఁగుకాగితముపై సరిగా నిలువకపోవుటయే కారణము. సీసాపైఁ బిగ్మెంటు అని యుండుటఁ జూచి ధైర్యపడినవారు చిత్రమునందు లేని సిరాను నమ్మినవారగుదురు. ఇట్టి సందేహము తీర్చుకొనుటకు సులభోపాయము కలదు. ముద్రించిన మఱునాఁడు పనికిరాని తునుకపై నొక నీటిబొట్టు వేసి, కొంతసేపటికి దూదితో నద్దవలయును. రంగు పాఱి దూదికి నీలమో యెఱుపో యంటినచో నది కరఁగు రంగు. బొట్టు స్వచ్ఛముగా నున్నచోఁ బొడిరంగు కావచ్చును. నిశ్చయమునకు మాత్రము తయారుచేసినవారి వివరణపత్రమును జూడవలయును.

రెండవ యపవాదము, యంత్రముతో వచ్చిన సిరా యైపోయిన పిదప చౌకగా దొరకు వేఱు సిరాను నింపుట. నిలుకడకై పరీక్షింపఁబడినది యొక సిరా, వాడఁబడినది మఱియొకటి యైనపుడు ఆ పరీక్షాఫలము దీనికి వర్తింపదు. పేరొక్కటియైనంతమాత్రమున ద్రవ్యమొక్కటి కాదు.

పరిష్కరించిన పాఠమును అక్షరములుగా మాత్రమే ముద్రించి దాఁచవలసినచో లేజరు యంత్రము చాలును. దాని నల్లపొడియు మసియే. జిగురుద్రవ్యముతోఁ గరఁగి కాగితమున కంటుకొనును. ఐతే యట్టి ప్రతులను మెత్తని ప్లాస్టిక్ సంచులలో నుంచినచో నక్షరములు సంచి కంటుకొని యూడివచ్చును. బూడిదవన్నెల సూక్ష్మభేదములు గావలసిన ఛాయాప్రతులకు ఇంక్‌జెట్ పద్ధతియే తగినది.

నలుపునందలి వన్నె

మసి పూర్ణమైన తటస్థవర్ణము కాదు. చిక్కగాఁ బడినచోట నల్లగా నుండును; పలుచగాఁ బఱచినపుడు గోధుమచాయఁ జూపును. రేణువు సన్నమైనకొలఁది యీ చాయ హెచ్చును. చూచువారికిఁ జల్లని నలుపు ప్రియము. కావున యంత్రము మసికిఁ గొంచెము నీలమును, గొంచెము ఎఱుపును జేర్చి యా గోధుమచాయను మాపును. నిలుకడ విషయమున నీ చేర్పే సందేహస్థానము.

వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలసినచో మసి ప్రకృతి, వన్నె ప్రత్యయము. ప్రత్యయము లోపించినను బ్రకృతి నిలిచియున్నంతవఱకుఁ బదము గుర్తింపఁదగియే యుండును. చేర్చిన రంగు పోయినను మసి మిగిలి చిత్రము గోధుమచాయతో నిలుచును. ప్రకృతి లేకుండఁ బ్రత్యయములతోనే పదమును గట్టినచో లోపమైనపుడు శేషించునది లేదు. నీలము, ఎఱుపు, పసుపు కలిపి చేసిన బూడిద యిట్టిది. ఆ మూఁడును సమానముగా తఱుగవు. సామాన్యముగాఁ బొడిరంగులలోఁ బసుపు దుర్బలము, నీలము ప్రబలము. కావున నట్టి బూడిద కాలక్రమమున నొకవైపునకు వాలును.

యంత్రములు రంగులు కలిపి బూడిదను జేయుటకుఁ గారణము లేకపోలేదు. ఒక్క నల్లసిరాతోనే లేఁతబూడిదను జూపవలసినచోఁ జుక్కలను దూరదూరముగా వేయవలయును. అపుడు చిత్రము గరుకుగాఁ గనఁబడును. ఎప్సన్ సంస్థ 2000లో వెలువరించిన స్టైలస్ ఫోటో 2000పి యను యంత్రము పొడిరంగులను వాడినదే కాని, దాని బూడిదవన్నెలు పగటివెలుతురునఁ బచ్చచాయఁ జూపుట ప్రసిద్ధదోషము. ఒకే చిత్రము దీపమునొద్ద నొకరీతిని, ఎండయందు మఱియొకరీతినిఁ గనఁబడు నీ గుణము రంగులతోఁ గట్టిన బూడిదకు సహజము. ఆ కాలముననే అమెరికాదేశమున జాన్ కోన్ అను ముద్రణకారుఁడు పియాజోగ్రఫీ యను పద్ధతిని దెచ్చి, రంగుసిరాల స్థానమునఁ జిక్కఁదనమున భేదము గల నలుపు సిరాలనే నింపించెను. ఎప్సన్ సంస్థయు 2002లో 2200 యను యంత్రమున లేఁతనలుపును, 2005లో ఆర్ 2400 యందు నలుపు, లేఁతనలుపు, మిక్కిలి లేఁతనలుపు అను మూఁడింటిని నొకేసారి వాడు ఏర్పాటును గల్పించెను. పిదపఁ దక్కిన సంస్థలును బూడిదసిరాలు గల యంత్రములను జేసినవి.

ఇట్టి యంత్రము లభించినపుడు మామూలు రంగుముద్రణమార్గమునఁ గాక, నలుపుతెలుపు చిత్రములకై ప్రత్యేకముగా నేర్పఱచిన మార్గముననే ముద్రింపవలయును. అపుడు మసిసిరాలే ప్రధానములై రంగులు స్వల్పముగాఁ జేరును. చాయ నెన్నుకొను వీలున్నచోఁ జల్లని నీలిచాయను గోరక, మసి సహజవర్ణమునకు దగ్గఱగానుండు వెచ్చని చాయనే కోరుట మేలు. చేర్పు తక్కువైనకొలఁది పోవునదియుఁ దక్కువ. తాటియాకు ప్రతులకు నీ చాయ యనుచితము కాదు.

నూఱేండ్లను మాట

సిరాపెట్టెలమీఁద నూఱేండ్లు, రెండు నూఱేండ్లు అని వ్రాసియుండును. ఎవరును నూఱేండ్లు వేచి చూచినవారు కారు. తీవ్రమైన దీపముక్రింద ముద్రితచిత్రము నుంచి, కొలఁది మాసములలో నది గ్రహించిన మొత్తము వెలుతురును లెక్కించి, సాధారణగృహమున నంత వెలుతురు పడుట కెన్నియేండ్లు పట్టునో గుణించి చెప్పుదురు. కావున సాధారణగృహము అను మాటకు వారు గ్రహించిన యర్థముపై నంతయు నాధారపడియుండును.

ఛాయాచిత్రముల నిలుకడను జిరకాలము పరిశోధించిన హెన్రీ విల్‌హెల్మ్ దినమునకు 12 గంటలు 450 లక్సుల వెలుతురును గ్రహించెను. కొడాక్ సంస్థవారు దినమునకు 12 గంటలు 120 లక్సులనే గ్రహించిరి. మొదటి లెక్కలో నొక యేఁటికిఁ బడు వెలుతురు 19,71,000 లక్సుగంటలు. రెండవ లెక్కలో 5,25,600. ఒకే చిత్రము రెండవ లెక్కలో నూఱేండ్లు నిలుచుననినచో మొదటి లెక్కలో నిరువదియేడేండ్లకు మించదు. అబద్ధ మెవరును జెప్పలేదు, పరిభాషయే వేఱు. పరిభాష తెలియక సూత్రార్థము చెప్పఁబూనుట యెట్టిదో, దీపపు లెక్క తెలియక యేండ్లసంఖ్యను నమ్ముట యట్టిది.

ఈ గణనమును మనకుపయోగించునట్లు త్రిప్పి చూడవచ్చును. విల్‌హెల్మ్ లెక్కలో నూఱేండ్లనఁబడిన ప్రతి మొత్తము 19,71,00,000 లక్సుగంటలను సహించునన్నమాట. నడువేసవి యెండ యించుమించు లక్ష లక్సులు. దినమున కాఱుగంటలు నేరుగా నెండ తగులు గోడకు దానిని వ్రేలాడఁదీసినచో దినమునకు 6,00,000 లక్సుగంటలగును. నూఱేండ్ల భాగ్యము పదునొకండు మాసములలోఁ దీఱును. వేఁడిమిని, అతినీలలోహితకిరణములను గలుపక చెప్పిన మాట యిది. అదే ప్రతిని చిత్రశాలలలో సున్నితవస్తువులకు విధించు 50 లక్సుల వెలుతురున దినమునకు 8 గంటలవంతున ఏఁటికి 300 దినములు చూపినచో నేఁటికి 1,20,000 లక్సుగంటలే. సిరా మార్పకయే స్థానము మార్చుటచేఁ గలుగు భేద మింతటిది.

గాలి, చెమ్మ

వెలుతురొక్కటియే శత్రువు కాదు. 2000లో ఎప్సన్ సంస్థ వెలువరించిన స్టైలస్ ఫోటో 870, 1270 యంత్రములు కరఁగు రంగులను వాడునవి. వెలుతురు పరీక్షలనుబట్టి యవి చాలకాలము నిలుచునని చెప్పఁబడినను, ఆ సంస్థవారి యొక మెఱుఁగుకాగితముపై ముద్రించిన చిత్రములు కొన్ని యిండ్లలోఁ గొలఁదికాలముననే నారింజవన్నెకుఁ దిరిగినవి. గాలియందలి ఓజోను నీలిరంగును నశింపఁజేయఁగా నెఱుపు పసుపులు మిగిలినవి. వెలుతురు పరీక్షయందు గాలి లెక్కకు రాలేదు.

అందుఁ గాగితమునకును భాగము కలదు. ఇంక్‌జెట్ కాగితముల పైపొర రెండు విధములు. సూక్ష్మరంధ్రములు గల ఖనిజపుఁబొర సిరాను వెంటనే పీల్చి యాఱును; కాని యా రంధ్రములగుండ గాలి సులభముగా రంగును జేరును. జెలటిన్ వంటి పదార్థముతోఁ జేసిన యుబ్బుపొర సిరాను దనలో మూసికొని గాలినుండి కాపాడును. కాని చెమ్మ తగిలినచో మెత్తబడి యంటుకొనును. సముద్రతీరపు జిల్లాలలో వర్షకాలమున నుబ్బుపొర కాగితము దాఁచుటకుఁ దగినది కాదు. రంధ్రములపొర గల కాగితమున కరఁగు రంగు దాఁచుటకుఁ దగినది కాదు. రంధ్రములపొరయుఁ బొడిరంగును గలసినచో రెండు దోషములును దప్పును.

కాగితము

సిరా నిలిచినను గాగితము నిలువనిచో ఫలము లేదు. కొయ్యగుజ్జునందలి లిగ్నిన్ తొలగింపని కాగితము పసుపువన్నెకుఁ దిరిగి పెళుసగును. ప్రత్తినారతోఁ గాని, లిగ్నిన్ తీసివేసిన శుద్ధగుజ్జుతోఁ గాని చేసి, సుద్ద కలిపిన కాగితము నెన్నుకొనవలయును. కాలక్రమమునఁ బుట్టు నామ్లమును సుద్ద యడఁచును. చిరస్థాయియైన కాగితమునకు ఐ.ఎస్.ఓ. 9706 అను అంతర్జాతీయప్రమాణము 7.5 నుండి 10 వఱకు పీహెచ్ గుణమును, నూటికి రెండుపాళ్ల సుద్దకు సమానమైన క్షారనిలువను విధించినది.

మిక్కిలి తెల్లనైన కాగితమును జూచి మురియరాదు. ఆ తెలుపు చాలవఱకుఁ గాంతివర్ధకద్రవ్యములవలనఁ గలిగినది. అవి కంటికిఁ గనఁబడని యతినీలలోహితకిరణములను బీల్చి నీలికాంతిగా వెలువరించును. ఆ నీలికాంతిచేఁ గాగితము తెల్లగాఁ దోఁచును. కాలక్రమమున నా ద్రవ్యములు నశింపఁగాఁ దెచ్చిపెట్టుకొన్న తెలుపు పోయి సహజమైన లేఁతపసుపు బయటపడును. మొదటినుండియు వర్ధకద్రవ్యములు లేని కాగితము కొంచెము మీఁగడవన్నెగా నుండును, అట్లే నిలుచును.

మెఱుఁగు గల కాగితమునకు ఫోటో నలుపును, మెఱుఁగులేని దానికి మ్యాట్ నలుపును వాడవలయును. మెఱుఁగుకాగితమున నలుపు మఱింత చిక్కగాఁ గనఁబడును. మెఱుఁగులేనిదానియందుఁ గంటికి జిగేలుమను బాధ లేక చదువుట సుఖము. చేతఁబట్టి చదువవలసిన ప్రతికి రెండవదియే తగును. ఐతే దాని నలుపు రేణువులు పైననే నిలుచుటచే రాపిడికి లొంగును. పూఁతను గూర్చిన విచార మిచటనుండి పుట్టుచున్నది.

పూఁత

పూఁత వలనఁ గలుగు ప్రయోజనములు నాలుగు: రాపిడిని నీటితుంపురులను దట్టుకొనుట, గాలిని గొంతవఱకు నాపుట, అతినీలలోహితకిరణములలోఁ గొంతభాగమును బీల్చుట, నలుపునకుఁ గొంచెము లోఁతు తెచ్చుట. కంటికిఁ గనఁబడు వెలుతురు కూడ రంగులను జెఱచును. దానిని బూఁత యాపఁజాలదు, ఆపినచోఁ జిత్రమే కనఁబడదు. కిరణములను బీల్చు ద్రవ్యమును గాలక్రమమున వ్యయమగును. కావున దుర్బలమైన సిరాను బూఁత ప్రబలముగాఁ జేయలేదు. నాశమును గొంత యాలస్యము చేయును.

పూఁతలలో మొదటిది చిమ్ముడబ్బాలలో లభించు లక్కరు. అక్రిలిక్ బంకను ఆవిరియగు ద్రావకమునఁ గరఁగించినది. 1584లో స్థాపింపఁబడిన జర్మనీదేశపు హానెమ్యూలె కాగితపుశాల వంటి సంస్థలు ఇంక్‌జెట్ ప్రతులకై యిట్టిదానిని బ్రత్యేకముగాఁ జేయుచున్నవి. ఒక్కమాఱు దట్టముగాఁ గాక, రెండు మూఁడు మాఱులు పలుచగాఁ జిమ్మవలయును. ఆవిరి హానికరము గావున ఆరుబయట నిప్పునకు దూరముగా, తగిన ముసుగు ధరించి చేయవలసిన పని. విద్యార్థులచేఁ దరగతిగదిలోఁ జేయింపరాదు. గాలియందుఁ జెమ్మ హెచ్చుగా నున్ననాఁడు చిమ్మినచో లక్కరు తెల్లవాఱి మంచుపొరవలె నగును. కోస్తాజిల్లాలలోఁ బొడిగానుండు శీతకాలపుఁబగళ్లను ఎన్నుకొనుట మేలు.

రెండవది నీటితోఁ జేసిన వార్నిషు. కుంచెతో నైనను, ఱోలరుతో నైనను బూయుదురు. ఇది చిత్రవస్త్రముపై ముద్రించిన పొడిరంగులకుఁ దగును. కరఁగు రంగుపైఁ బూసినచో వార్నిషులోని నీటికే రంగు పాఱును. మూఁడవది మైనము. 1950 తరువాతి దశకమున బ్రిటిష్ మ్యూజియము ప్రయోగశాలలో రూపొందిన రినైసాన్స్ మైనము వంటిదానిని మెత్తని గుడ్డతో మిక్కిలి పలుచగా రుద్దుదురు. ఇది నలుపునకు లోఁతును రాపిడికి రక్షయు నిచ్చును. కాని మ్యాట్ కాగితముపై రుద్దునపుడే నలుపు చెదరవచ్చును గావున ముందు తునుకపైఁ జూడక యుపయోగింపరాదు.

నాలుగవది మనదేశమునఁ బ్రతి యూరను జరుగుచున్న ల్యామినేషను. రెండు ప్లాస్టిక్ పొరల నడుమఁ బ్రతి నుంచి వేఁడియిస్త్రీతో నంటించుట. యోగ్యతాపత్రములకు నిది రక్షయని జనుల నమ్మకము. వేఁడిమి, జిగురు రెండును గాగితమున కంటి మరల వేఱుకావు, జిగురు పసుపెక్కును, అంచులు విడి చెమ్మ లోఁజొచ్చినచో బయటికిఁ బోవు దారి లేదు. గోడపటములకు నుపయోగింపవచ్చును గాని, దాఁచవలసిన ప్రతికి నిది తగదు. మూలపత్రమునకు నెన్నఁడును తగదు.

ఏ పూఁతయైనను ముద్రించిన పిదప కనీసము ఒక పూర్ణదినము, చెమ్మకాలమున నంతకుమించియు, ప్రతిని దెఱచియుంచి యాఱనిచ్చిన తరువాతనే వేయవలయును. సిరాయందలి నీరు త్వరగాఁ బోయినను, గ్లైకాల్ మొదలైన ద్రవములు మెల్లఁగాఁ బోవును. తొందరపడి యద్దపుఁజట్టములో బిగించినచో నివియే యద్దము లోపలితట్టున మంచువలెఁ బేరును. ఒకమాఱు పీల్చుకొనిన పూఁత మరల రాదు గావున దాఁచు రెండు ప్రతులలో నొకదానిని బూఁత లేకయే యుంచవలయును. చీఁకటిపెట్టెలోఁ బదిలముగా నుండు ప్రతికి బూఁతయే యక్కఱలేదు. గోడపై నుంచు ప్రతికిఁ బూఁతకంటె గాజుచట్టము మేలు. అది గాలిని రాపిడిని రెంటిని నాపును. సామాన్యపు గాజు అతినీలలోహితకిరణములలోఁ గొంతభాగమునే యాపును. చాలవఱకు నాపు ప్రత్యేకపు గాజు దొరకును. చిత్రము గాజునకుఁ దగులకుండ నడుమ నట్ట నుంచవలయును.

అన్వయవ్యతిరేకపరీక్ష

ప్రకృతిప్రత్యయముల యర్థములను వేఱుచేయుటకు శాబ్దికులు వాడు నన్వయవ్యతిరేకములే సిరాపరీక్షకును జాలును. తెలుపునుండి నలుపువఱకుఁ బదిమెట్లు గల యొక బూడిదపట్టికను, ప్రక్కనే తాటియాకు ఛాయాచిత్రపు తునుకను నొకే కాగితముపై నాలుగు ప్రతులు ముద్రించి యొక దినము ఆఱఁబెట్టవలయును. మొదటిదానిలో సగమును మందపుటట్టతోఁ గప్పి యెండవచ్చు కిటికీయొద్ద నుంచవలయును. రెండవదానిని గూడ నట్లే సగము గప్పి, గాజు బిగించి యచటనే యుంచవలయును. మూఁడవదానిని గాలి యాడు చీఁకటిగదిలోఁ దెఱచియుంచవలయును. నాలుగవదానిని దళమైన కవరులో మూసి పెట్టెలో నుంచవలయును. మాసమున కొకమాఱు నాలుగింటిని బగటివెలుతురున నొకచోటఁ జేర్చి చూడవలయును.

చీఁకటిలోఁ దెఱచియున్నది చెడి, మూసినది చెడకున్నచో దోషము గాలిది. కిటికీయొద్ద నున్నదానిలోఁ గప్పినభాగము నిలిచి తెఱచినభాగమే చెడినచో వెలుతురు కారణము కావచ్చును. ఐతే కప్పుటచే గాలియుఁ గొంత యాఁగును గావున, గాజు బిగించినదానియందును నట్లే యైనపుడే యది నిశ్చయమగును. బూడిదపట్టికయందు లేఁతమెట్లు మాత్రమే చాయ మాఱి, చిక్కనిమెట్లు నిలిచినచోఁ జేర్చిన వన్నె పోయినది, మసి నిలిచినది. అన్ని మెట్లును సమానముగాఁ దఱిగినచో నా నలుపున మసి లేదనుటకు నది బలమైన సూచన. పూఁతను బరీక్షింపవలసినచోఁ బూసినదొకటి, పూయనిదొకటి జతగా నుంచవలయును. జత లేని పరీక్ష ప్రమాణము కాదు. విద్యార్థులచే నొక సంవత్సరము చేయింపఁదగిన పని యిది. వ్యయము స్వల్పము.

సిద్ధాంతము

నిలుకడయందు సిరాయుఁ గాగితమును అంతరంగములు. స్థానము, చట్టము, పూఁత బహిరంగములు. బహిరంగము అంతరంగమునకుఁ దోడుపడునే కాని దాని స్థానమును బొందదు. కావున ధనము పరిమితముగా నున్న పాఠశాలయో గ్రంథాలయమో మొదట మసి ప్రధానమైన పొడిరంగు సిరాకును, పిదప సుద్ద గలిగి కాంతివర్ధకములు లేని కాగితమునకును, అటుపిమ్మట నట్టపెట్టెకును వ్యయము చేయవలయును. పూఁతకు రూపాయి మిగిలినచో మేలు. మిగులకున్నను నష్టము లేదు. కరఁగు రంగుతో ముద్రించి, ఖరీదైన పూఁత పూసి నిశ్చింతగా నుండుటకంటె, పొడిరంగుతో ముద్రించి పూఁత లేక చీఁకటిపెట్టెలో నుంచుట శ్రేయము.

ఒక ప్రతిని జదువుటకును, ఒకదానిని దాఁచుటకును ముద్రింపవలయును. రెండును నొకే కప్పుక్రింద నుండరాదు. ప్రతి వెనుకతట్టునఁ బెన్సిలుతో మూలగ్రంథపుఁ బేరు, ఆకుసంఖ్య, ముద్రించిన తేది, యంత్రము, సిరా, కాగితము, పూఁత యున్నచో దాని పేరు వ్రాయవలయును. పెన్సిలు గీటును మసివలెఁ గార్బనే, వెలుతురునకు వెలిసిపోదు. ఆ నాలుగు పంక్తులు లేనిచో, నేఁటి ప్రతి నిలిచినను ఎందుచే నిలిచెనో, చెడినను ఎందుచేఁ జెడెనో రాఁబోవువారు తెలిసికొనఁజాలరు.